బెలూన్ పగిలితే లూప్ ఎటు పోతుంది? – ఒక వేసవి ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 27

వేసవి సెలవులిచ్చి నాలుగు రోజులైంది. మధ్యాహ్నం పన్నెండు దాటితే తిరుపతి బైరాగిపట్టెడలో మా వీధిలో కుక్క కూడా కనబడదు. ఇంత ఎండలో పోయి పోయి సూర్యుడి మీదే ప్రాజెక్టు పెట్టుకున్నావా అని అమ్మ నవ్వింది.

నిజానికి ఇది ఒక పాత బాకీ. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 ఎగిరిన రోజు, బడిలో పిల్లలందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి లైవ్ చూపించాను. ఉదయం 11:50కి రాకెట్ లేచింది, చప్పట్లు కొట్టాం. తర్వాత వాళ్లకు సూర్యుడి ఫోటోలు కొన్ని చూపించాను. ఒక దాంట్లో అంచు మీద వెలుగు గీతలు కమానుల్లా వంగి ఉన్నాయి. అప్పుడు ఏడో తరగతిలో ఉన్న ఒక పాప లేచి, "మేడమ్, ఆడ పేలుడు జరిగితే ఆ గీతలు ఏమైతాయి?" అని అడిగింది. నేను తడుముకోకుండా "పేలితే ఇంకేముంది, బయటికి ఎగిరిపోతాయి" అన్నాను. ఆ పాప ఇప్పుడు తొమ్మిదో తరగతికి వస్తోంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన నేను ఆ జవాబు ఎక్కడ చదివి చెప్పానో ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు. ఎక్కడా చదవలేదు కాబట్టే గుర్తుకు రావడం లేదు.

టీమ్ ఇదీ: నేను, మా అన్న కొడుకు (బెంగళూరులో ఉద్యోగం, ఈ వేసవంతా ఇంటి నుంచే పని), ఆ పాప, ఆమె పక్కింటి స్నేహితురాలు. పిల్లలిద్దరూ వారానికి రెండు రోజులు చంద్రగిరి నుంచి బస్సులో వస్తారు. చేయాల్సింది కూడా తేలిగ్గానే కనిపిస్తోంది. నిజంగా జరిగిన ఒక విస్ఫోటనం ఫోటోలు తెచ్చి, ఆ వెలుగు కమానులు, అంటే లూపులు, ఎటు కదిలాయో కొలవాలి, అంతే.

ఏప్రిల్ 30

పిల్లలతో మొదటి రోజు. కరోనా అనగానే ఇద్దరూ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. పాపం, వాళ్లకు ఆ మాట మాస్కులతోనే పరిచయం. సూర్యుడి చుట్టూ కిరీటంలా ఉండే పలచని వాతావరణం పేరు అదేనని చెప్పాను. పూర్వం సంపూర్ణ గ్రహణం పడితే తప్ప దాన్ని చూసే దారి లేదు. 1868 ఆగస్టు 18 గ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఆయన మన గుంటూరు వచ్చి మకాం వేశాడంటే నమ్మలేదు.

అసలు వింత వేడి సంగతి. కంటికి కనిపించే సూర్యుడి ఉపరితలం దాదాపు 5,500 డిగ్రీల సెల్సియస్. దానికి పైన ఉన్న కరోనా పది లక్షల డిగ్రీలు దాటి ఉంటుంది. పొయ్యి కంటే పొయ్యి మీది గాలి వందల రెట్లు కాలుతుందన్నమాట. అక్కడ పరమాణువులు చిట్లి విద్యుదావేశం ఉన్న ప్లాస్మా అవుతుంది. ప్లాస్మా అయస్కాంత క్షేత్రాన్ని అడ్డంగా దాటలేదు, రేఖ వెంటే నడవాలి. అందుకే ఉపరితలం మీద ఒక చోట లేచి ఇంకో చోట దిగే కమాను ఆకారం. కాళ్లు రెండూ కింద పాతుకుని ఉంటాయి, నడుము మాత్రం పైన ఊగుతుంది. రెండో పాప దానికి "సగం గాజు" అని పేరు పెట్టింది. బాగుంది, వాడుకుంటాం.

ఒకటి మాత్రం రెండు మూడు సార్లు చెప్పాల్సి వచ్చింది. ఫోటోలో చీకటిగా ఉన్న చోట అయస్కాంత క్షేత్రం లేదని కాదు. పెంకుటింట్లో కప్పు చిల్లులోంచి ఎండ పడితే దుమ్ము ఉన్నంత మేరే ఆ దారి కనిపిస్తుంది కదా. ఇక్కడ దుమ్ము బదులు ప్లాస్మా.

మే 3

డేటా వేట. నాసా 2010 ఫిబ్రవరిలో పంపిన ఎస్‌డీవో ఉపగ్రహంలో ఏఐఏ అనే కెమెరాల బృందం ఉంది. అతినీలలోహిత కాంతిలో, 12 సెకన్లకొకసారి, 4096 అడ్డం 4096 నిలువు పిక్సెళ్ల ఫోటో. ఒక పిక్సెల్ అంటే సూర్యుడి మీద దాదాపు 435 కిలోమీటర్లు. మన భూమిని అక్కడ పెడితే 29 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. ఈ ఫోటోలన్నీ ఎవరికైనా ఉచితం. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం సర్వర్‌లో ఈమెయిల్ నమోదు చేసుకుని, ఏ రోజు ఏ సమయం కావాలో చెబితే చాలు.

మా వాడు 2012 మార్చి 9ని ఎంచాడు. ఎం6 తరగతి ఫ్లేర్ (ఫ్లేర్ అంటే సూర్యుడి మీద ఒక్కసారిగా శక్తి చిమ్మే పేలుడు, ఎం6 దాని తీవ్రత), లూపులు స్పష్టంగా ఉన్నాయి, ప్లాస్మా ముద్ద బయటికి ఎగిరిన ఘటన కూడా. ఫ్లేర్ శిఖరం మన టైములో ఉదయం 9:23కి. అంటే ఆ రోజు మేము ప్రార్థన ముగించి మొదటి పీరియడ్‌లో ఉన్నప్పుడు.

ఆ 9:23 కొంప ముంచింది. గంటన్నర డేటాకు తొమ్మిది నుంచి పదిన్నర అని నేనే టైప్ చేశాను. సర్వర్‌కు మన టైము తెలియదు, దానికి కావాల్సింది గ్రీనిచ్ లెక్క, 3:53. రాత్రంతా దించుకున్న ఫైళ్లు తెరిచి చూస్తే పేలుడూ లేదు, ఏమీ లేదు. అప్పటికి ఫ్లేర్ శిఖరం దాటి ఐదు గంటలు గడిచాయి. జాతర అయిపోయాక వెళ్లి వీధి ఫోటోలు తీసినట్టయింది. పైగా ఒక్కో పూర్తి ఫోటో పది ఎంబీ చొప్పున 450 ఫోటోలు, నాలుగున్నర జీబీ. ఫోన్ డేటా రోజుకు రెండే జీబీ. రెండోసారి సూర్యుడంతా కాకుండా మాకు కావాల్సిన ముక్క వరకే కత్తిరించి పంపమని అడిగాం. ఈ సౌకర్యం ఉందని మొదటే చూసుకోవాల్సింది.

మే 7

గంగ జాతర. పిల్లలు బస్సు దిగి ఇల్లు చేరేసరికి గంటన్నర, దారంతా వేషాలే. ఇక పని ఎలాగూ సాగదని వాళ్లతో పాటే బయటికెళ్లాను. కానీ పాఠం అక్కడే దొరికింది.

జాతరలో రోజుకొక వేషం. బైరాగికి తెల్ల నామకొమ్ము, బండకు కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు చందనం. మనిషి అతనే, పూత మారితే ఎవరో గుర్తుపట్టలేం. ఏఐఏ సూర్యుడు కూడా అంతే. 304 ఆంగ్‌స్ట్రామ్ (కాంతి తరంగదైర్ఘ్యానికి కొలత) దగ్గర చూస్తే 50,000 డిగ్రీల హీలియం కనిపిస్తుంది. 171 దగ్గర ఎనిమిది ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుము, ఆరేడు లక్షల డిగ్రీలు. 193 దగ్గర పదకొండు పోగొట్టుకున్న ఇనుము, పదిహేను లక్షలు. 131లో ఫ్లేర్ సమయంలో ఇరవై పోగొట్టుకున్న ఇనుము వెలుగుతుంది, దాదాపు కోటి డిగ్రీలు. ఎరుపు, బంగారు, నీలి రంగులు మనం పూసినవే, అక్కడ ఉన్నవి కావు. లూపులు పోగులు పోగులుగా విడివిడిగా కనిపించేది 171లో, అందుకే మేము దాన్ని పట్టుకున్నాం.

వస్తూ వస్తూ పిల్లలు బెలూన్లు కొనుక్కున్నారు. ఇంటికి వచ్చాక ఎండకు రెండు వాటంతటవే పేలాయి.

మే 10

గ్రాఫ్ వచ్చింది!

పద్ధతి ఇదీ. ఫోటోలో లూపులకు అడ్డంగా ఒక సన్నని గీత గీయాలి. ఒక చివర పేలుడు కేంద్రం దగ్గర, రెండో చివర దూరంగా బయట. ప్రతి ఫోటోలోంచీ ఆ గీత కింద ఉన్న పిక్సెళ్లనే కత్తిరించి, వరసగా పక్కపక్కన అతికించాలి. వెంకటగిరి మగ్గం మీద ఒక్కో పోగే పడుతూ అంచు తేలినట్టు, 450 చీలికలు పడేసరికి ఒక బొమ్మ తేలుతుంది. అడ్డం కాలం, నిలువు దూరం. కదలని లూప్ తిన్నగా గీతలా ఉంటుంది. కదిలితే వంగుతుంది, ఊగితే పాములా మెలికలు తిరుగుతుంది.

మాదాంట్లో గీతలు చాలాసేపు తిన్నగా ఉండి, ఫ్లేర్ మొదలవగానే ఒక్కసారిగా పైకి లేచాయి. ఒకటి కాదు, వేర్వేరు చోట్ల ఉన్నవన్నీ. ప్రింట్ తీసి, కింద స్కెచ్ పెన్నుతో "కేంద్రం", పైన "బయట" అని రాసి ఫ్రిజ్ మీద అంటించాను. రెండేళ్ల కింద చెప్పిన జవాబు కరెక్టే. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మే 13

పాప ఫ్రిజ్ ముందు నిలబడి చాలాసేపు చూసింది. ల్యాప్‌టాప్‌లో వీడియో మళ్లీ పెట్టమంది. మూడుసార్లు చూసి, మొహమాటపడుతూ అంది: "మేడమ్, వీడియోలో గాజులు లోపలికి పోతాండాయి. పేపర్లో బయటికి పోతాండాయి. ఏది నిజం?"

మా వాడు కోడ్ తెరిచాడు. అర నిమిషం కూడా పట్టలేదు. "అత్తా, గ్రాఫ్ తలకిందులుగా ఉంది" అన్నాడు. బొమ్మ గీసే ప్రోగ్రాముకు ప్రత్యేకంగా చెప్పకపోతే మొదటి వరసను పైన పెడుతుంది. మా గీతలో మొదటి పిక్సెల్ కేంద్రం దగ్గరిది. అంటే కాగితం మీద కేంద్రం పైన ఉంది, బయట కింద ఉంది. అంకెలు కనబడకుండా తీసేసి, స్కెచ్ పెన్నుతో తిరగేసి రాసింది నేనే. వీడియోను మాత్రం సన్‌పై (SunPy) అనే ప్రోగ్రాము దిక్కులు చూసుకుని సరిగ్గానే వేసింది.

లూపులు పేలుడు వైపే పడ్డాయి. నాకు నోట మాట రాలేదు. గ్రాఫ్ నా జవాబుకు విరుద్ధంగా వచ్చి ఉంటే ఆ రోజే కోడ్ అంతా తిరగేసి వెతికేదాన్ని. అనుకూలంగా వచ్చింది కాబట్టి ఫ్రిజ్ మీద అంటించాను. పాప ముందు ఏమీ దాచలేదు, "నువ్వు చెప్పిందే నిజం" అన్నాను. కానీ మనసులో ఇంకా నమ్మకం లేదు.

మే 16

మూడు రోజులు తప్పుల వేట. లోపలికి పోవడం కూడా ఇంకో తప్పు వల్లే వచ్చిందేమోనని నా ఆశ.

మొదటి అనుమానం సూర్యుడి భ్రమణం. తన చుట్టూ తాను తిరుగుతాడు కాబట్టి, మధ్యలో ఉన్న ఏ మచ్చయినా గంటకు దాదాపు 15 పిక్సెళ్లు పక్కకు జరుగుతుంది. మేం దాన్ని సరిచేయలేదు. సరిచేశాక గ్రాఫ్‌లో అంతకు ముందున్న ఏటవాలు పోయి గీతలు తిన్నబడ్డాయి. కానీ ఫ్లేర్ దగ్గర గీతలు ఒక్కసారిగా జరిగి పడిన ఆ మెట్టు అలాగే ఉంది. నిదానంగా గంటలకొద్దీ జరిగే జరుగుడుకూ, నిమిషాల్లో పడే మెట్టుకూ పోలికే లేదు. చూడగానే తెలియాల్సింది.

రెండోది మిణుకు. ఫ్లేర్ మొదలయ్యాక వీడియో ఒక ఫ్రేమ్ వెలుగు, ఒక ఫ్రేమ్ చీకటి, మళ్లీ వెలుగు. పాత ట్యూబ్‌లైట్ స్టార్టర్ పోయినట్టు. కారణం కెమెరాయే. మంట వెలుగుకు కళ్లు చెదరకుండా, ఫ్లేర్ సమయంలో ఫ్రేమ్ విడిచి ఫ్రేమ్ ఎక్స్‌పోజర్ తగ్గించుకుంటుంది. ఎంతసేపు షట్టర్ తెరిచిందో ప్రతి ఫైల్లోనూ రాసే ఉంటుంది. వెలుగును ఆ సమయంతో భాగిస్తే మిణుకు పోయింది. మెట్టు పోలేదు.

మూడోది నాది కాదు, రెండో పాపది. ఫ్లేర్ మధ్య నుంచి అడ్డంగా, ఐమూలగా చిమ్మిన వెలుగు చారలు చూసి "ఇవి పొడుగు గాజులు" అని లెక్కలో రాసుకుంది. అవి సూర్యుడి మీద లేవు. కెమెరా ముందు పలచని లోహపు పొరను ఆపడానికి సన్నని వల ఉంటుంది. మరీ ప్రకాశం ఎక్కువైతే ఆ వల వల్ల వెలుగు చెదిరి ఇలా నక్షత్రంలా కనిపిస్తుంది. పరదా గుడ్డలోంచి వీధి లైటు చూస్తే కనిపించేది ఇదే. ఆ రాత్రి వాళ్లింట్లో చూసిందట, ఫోన్ చేసి చెప్పింది.

కాబట్టి లోపలికే.

మే 18

ఈ ఘటన మీద ముందే ఎవరైనా పని చేశారా అని వెతికితే, గ్లాస్గో విశ్వవిద్యాలయ బృందం 2013లోనే అచ్చువేసింది. అదే రోజు, అదే ఫ్లేర్. పేలుడు కేంద్రం మీదుగా వేర్వేరు ఎత్తుల్లో ఉన్న కనీసం నాలుగు గుంపుల లూపులు వేగంగా కుంచించుకుపోయాయి. ఫ్లేర్ మొదలైన దాదాపు నిమిషం తర్వాత ఇది మొదలైంది. ఎక్స్ కిరణాలు, మైక్రోవేవ్‌లు ఎంత తీవ్రంగా ఉంటే కుంచింపు అంత వేగం. పైగా అవి మళ్లీ పాత ఎత్తుకు రాలేదు. మాది కొత్త విషయం కాదని కాస్త నిరాశ, మేము పిచ్చివాళ్లం కాదని చాలా సంతోషం.

ఎందుకు ఇలా జరగాలో 2000 సంవత్సరంలోనే హ్యూ హడ్సన్ అనే శాస్త్రవేత్త చెప్పాడు. ఆ వాదన వినేదాకా కష్టం, విన్నాక ఇంతేనా అనిపిస్తుంది. ఫ్లేర్‌కు శక్తి ఎక్కడిది? కరోనాలో గాలి పీడనం లెక్కలోకి రానంత తక్కువ. ఉన్న శక్తంతా అయస్కాంత క్షేత్రంలోనే ఉంది. ఆ క్షేత్రానికి పీడనం కూడా ఉంటుంది. కింది క్షేత్రం పైకి తోస్తూ ఉంటే, పైన కమానుగా వంగిన రేఖలు వాటి టెన్షన్ వల్ల కిందికి లాగుతూ ఉంటాయి. (టెన్షన్ అంటే పరీక్షల ముందు పిల్లలకు వచ్చేది కాదు, లాగి కట్టిన తాడులో ఉండే బిగువు.) ఈ రెండూ సరితూగినంత కాలం లూప్ కదలదు. ఫ్లేర్‌లో మధ్యలో దాచుకున్న శక్తి వేడిగా, వెలుగుగా, దూసుకుపోయే కణాలుగా బయటపడితే, అక్కడి పీడనం తగ్గుతుంది. తోసేవాడు చెయ్యి తీశాడు, లాగేవాడు లాగుతూనే ఉన్నాడు. లూప్ లోపలికి పడక చస్తుందా?

పొద్దున అమ్మ పూరీలు వేస్తుంటే పిల్లలకు చూపించాను. పొంగిన పూరీని వేలితో పొడిస్తే ఆవిరి బుస్సున బయటికి పోతుంది, పైపొర కిందికి దిగుతుంది. బయటికి పోయింది ఉంది, లోపలికి పడింది ఉంది. మార్చి 9న కూడా ఒక ముద్ద బయటికి ఎగిరింది. నేను రెండేళ్ల కింద చెప్పింది ఆవిరి సంగతి. పాప అడిగింది పైపొర సంగతి.

మే 21

పూరీ మాత్రం కొలవడానికి పనికిరాదు, చల్లబడితే ఎవరో ఒకరు తినేస్తున్నారు. మోడల్ కట్టాలి.

పాత మంచం పలక, రెండడుగులు. అటూ ఇటూ నాలుగేసి మేకులు. టైలర్ దగ్గర కొన్న నల్ల ఎలాస్టిక్ నాలుగు వరసలు, మేకు నుంచి మేకుకు లాగి కట్టాం. కింద రెండు బెలూన్లు ఇరికిస్తే ఎలాస్టిక్ కమానులా లేస్తుంది. ఎలాస్టిక్ బిగువు అయస్కాంత టెన్షన్, బెలూన్ అయస్కాంత పీడనం. వెనక గ్రాఫ్ అట్ట. ఫోన్‌లో స్లో మోషన్, సెకనుకు 240 ఫ్రేములు. ఒక బెలూన్ పగలగొట్టి, వచ్చిన వీడియోను సూర్యుడికి వాడిన కోడ్‌లోనే వేయాలి.

మొదటి ప్రయత్నం: ఒకటి పగలగొడితే పక్కదానికీ తగిలి రెండూ పేలాయి. ఎలాస్టిక్ పలకకు చరుచుకుంది. అమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది.

రెండు, మూడు, నాలుగు ప్రయత్నాలు: డాబా మీద ఎండలో పెట్టాం, గుండుసూది చేతికి తీసుకునే లోపే పేలిపోయాయి. ఇక గదిలోనే, కూలర్ ముందు. కూలర్ గాలికి ఎలాస్టిక్ ఊగుతోందని దాన్నీ ఆపేశాం. చెమటతోనే పని.

ఐదోది: పని చేసింది కానీ నల్ల ఎలాస్టిక్ వీడియోలో కనబడదు. పాప వాళ్ల నాన్న పాత చొక్కా గుండీలు, తెల్లవి, తెచ్చి ఒక్కో ఎలాస్టిక్ నడుముకూ రెండేసి కుట్టింది. గుండీల బరువుకు ఊగుడు కూడా నిదానించింది, లెక్కపెట్టడానికి వీలైంది.

మే 25

ఈ రోజు పన్నెండు బెలూన్లు. జాతర బెలూన్లు అయిపోయి లీలామహల్ సర్కిల్ దగ్గర ఇంకో పాకెట్ కొన్నాం.

సూదితో పొడిస్తే: గుండీ 21 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడి, 14 దగ్గర ఆగేముందు పైకీ కిందికీ రెండు మూడు సార్లు ఊగింది. ఒక్కో ఊపుకు దాదాపు 30 ఫ్రేములు, అంటే సెకనులో ఎనిమిదో వంతు. ఊగింది పాత 21 చుట్టూ కాదు, కొత్త 14 చుట్టూ. మొదట మెట్టు, ఆ మెట్టు మీద మెలికలు. కోడ్‌లో వేస్తే వచ్చిన బొమ్మను సూర్యుడి బొమ్మ పక్కన పెట్టి చూశాం. రెండు బొమ్మలకూ పేర్లు రాయకపోతే ఏది ఏదో మా అమ్మకు తెలియదు. అడిగి చూశాం కూడా.

తర్వాత మా వాడికి ఒక ఆలోచన వచ్చింది. పగలగొట్టకుండా, బెలూన్ మూతి విప్పి వేళ్లతో పట్టుకుని గాలి నిదానంగా వదిలాడు. గుండీ అదే 14కు దిగింది. ఊగనే లేదు. మళ్లీ చేశాం, అదే ఫలితం. లూప్ ఒక ఊపు ఊగడానికి పట్టే సమయం కంటే నిదానంగా పీడనం తగ్గితే, లూప్ కూడా దానితో పాటే మెల్లగా దిగి కూర్చుంటుంది. అంతకంటే వేగంగా తగ్గితే, వేగం మీద కొత్త చోటు దాటి కిందికి పోయి, వెనక్కి వచ్చి, ఊగుతుంది. అంటే లూపులు ఊగాయా లేదా అన్నది చూస్తే, లోపల శక్తి ఎంత త్వరగా ఖాళీ అయిందో ఒక అంచనా వస్తుంది. నేను ఈ ప్రాజెక్టులో నేర్చుకున్న వాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. ఇది ఏ పుస్తకంలోనో కాకుండా మంచం పలక మీద కనబడింది.

మే 30

ఊగుడు మీద లెక్కలు. మా కోడ్‌ను నమ్మే ముందు, జవాబు తెలిసిన లెక్క ఒకటి చేసి చూద్దామని 1998 జులై 14 ఘటన తీసుకున్నాం. ట్రేస్ అనే ఉపగ్రహం ఆ రోజు ఒక ఫ్లేర్ తర్వాత లూపులు ఊగడం చూసింది. లూపుల ఊగుడును అలా సూటిగా ఫోటోల్లో పట్టుకోవడం అదే మొదలు. ఊపుకు 256 సెకన్లు. లూప్ పొడవు దాదాపు 1,30,000 కిలోమీటర్లు.

వీణ తీగలా రెండు చివరలూ బిగిసి, నడుము మాత్రమే ఊగుతోంది. అలాంటప్పుడు ఒక ఊపులో అల లూప్ పొడవును రెండుసార్లు దాటుతుంది. 2,60,000ను 256తో భాగించమన్నాను. పాప కాగితం మీదే చేసింది: సెకనుకు దాదాపు 1,016 కిలోమీటర్లు. తిరుపతి నుంచి హైదరాబాద్‌కు అర సెకను పైచిలుకు.

వీణలో తీగ బిగువు పెరిగితే స్వరం పెరుగుతుంది, తీగ లావైతే తగ్గుతుంది. ఇక్కడ బిగువు అయస్కాంత క్షేత్రం, లావు ప్లాస్మా సాంద్రత. సాంద్రత తెలిస్తే క్షేత్రం లెక్కకట్టవచ్చు. ఆ లూప్‌కు అలా వచ్చింది 13 గాస్ (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం), అటూ ఇటూ 9. మన తిరుపతిలో దిక్సూచి ముల్లును తిప్పే భూ క్షేత్రం అర గాస్ కూడా లేదు. 15 కోట్ల కిలోమీటర్ల దూరాన, థర్మామీటర్ కూడా పెట్టలేని చోట, ఒక గీత ఊగుడు చూసి దాని అయస్కాంత బలం చెప్పడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంది. "13కు 9 తేడా అంటే ఎక్కువ కాదా మేడమ్?" అని రెండో పాప. ఎక్కువే. సాంద్రత సరిగ్గా కొలవడం కష్టం, అందుకే.

ఇంకో సంగతి. 1998 లూప్ ఊగుడు 14.5 నిమిషాల్లో చాలావరకు చచ్చిపోయింది, అంటే మూడున్నర ఊపుల లోపే. ప్లాస్మా జిగట వల్లే అయితే ఇంత త్వరగా ఆగకూడదు. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఏమిటంటే, లూప్ మొత్తంగా ఊగే శక్తి దాని అంచు పొరల్లో మెలికలుగా మారి దాక్కుంటుంది. మన కంటికి ఊగుడు ఆగినట్టు ఉంటుంది, శక్తి మాత్రం అంచుల్లో తిరుగుతూ ఉంటుంది. పిల్లలకు ఇంతవరకే చెప్పాను.

జూన్ 4

వీడియోను మార్చి 9 మధ్యాహ్నం దాకా పొడిగించి చూశాం (మొదటిరోజు తప్పుగా దించిన ఫైళ్లు ఇప్పుడు పనికొచ్చాయి!). మంట ఆరాక కేంద్రం మీద కొత్త లూపులు, ఒకదాని పక్కన ఒకటి, బండి కమాన్ల మాదిరి. వీటిని కూడా కుంచించుకున్న లూపులనే అనుకుని పాప పట్టికలో కలిపేసింది. వేరు చేయడానికి ఒక సాయంత్రం పట్టింది.

అవి వేరు, ఇవి వేరు. అవి ముందు నుంచీ ఉన్నవి, తెగలేదు, కింద పట్టు తగ్గి లోపలికి వాలాయి. ఇవి విస్ఫోటనంలో రేఖలు తెగి, మళ్లీ కొత్తగా అతుక్కున్నప్పుడు పుట్టినవి. అతుక్కోగానే వంపు మొనదేలి ఉంటుంది, సాగదీసి వదిలిన రబ్బరులా కిందికి ముడుచుకుంటుంది. మొదట కోటి డిగ్రీల వేడితో 131లో కనిపించి, చల్లబడుతూ తర్వాత 171లోకి, చివరికి 304లోకి దిగుతాయి. గమ్మత్తేమిటంటే, ఒక్కో లూప్ కిందికే ముడుచుకున్నా, గుంపు మొత్తం చూస్తే కాలం గడిచేకొద్దీ పైకి పెరుగుతుంది. కొత్తగా అతుక్కునేవి ఎప్పుడూ పాతవాటి పైనే కాబట్టి. మేస్త్రీ ఇటుక మీద ఇటుక పేర్చినట్టు.

304లో ఆ లూపుల వెంట చల్లబడిన ప్లాస్మా చుక్కలు చుక్కలుగా రాలుతుంది, దాన్ని కరోనా వాన అంటారు. సూర్యుడి మీద గురుత్వం మన దగ్గర కంటే 28 రెట్లు. ఇక్కడ తిరుపతిలో మాత్రం చుక్క వాన లేదు.

జూన్ 10

ఎల్లుండి బడి తెరుస్తారు. మా వాడు నిన్న రాత్రి బస్సుకు బెంగళూరు వెళ్లిపోయాడు, కోడ్ అంతా నా ల్యాప్‌టాప్‌లో పెట్టి, ప్రతి వరస పక్కనా తెలుగులో వివరణ రాసి. గ్రాఫ్ గీసే వరస పక్కన "అత్తా, దీన్ని ముట్టుకోవద్దు" అని ఉంది.

పాపకు పలక అప్పజెప్పాను, బడిలో ల్యాబ్ గదిలో పెడుతుంది. ఫ్రిజ్ మీద పాత కాగితం పీకి పారేయబోతే వద్దంది. తిరగేసి అంటించి, నేను రాసిన "బయట" కొట్టేసి "కేంద్రం" అనీ, "కేంద్రం" కొట్టేసి "బయట" అనీ రాసింది. ఇప్పుడు కాగితం తలకిందులు, అక్షరాలు నిటారు, కాలాన్ని కుడి నుంచి ఎడమకు చదివితే గీతలు సరైన దిక్కు.

మిగిలిన పనులు: మూడో గుంపు లూపులకు అడ్డగీత మళ్లీ గీయాలి, అది రెండు లూపుల మీదుగా పోయి లెక్క కలగాపులగమైంది. సూర్యుడి అంచు మీద జరిగిన ఫ్లేర్ ఒకటి వెతకాలి, పక్క నుంచి చూస్తే ఎత్తు సూటిగా తెలుస్తుంది. ఎలాస్టిక్ ఇంకో రెండు మీటర్లు కొనాలి. ఈసారి తెల్లది.